వంకాయ రంగు కంప్యూటర్

తెనాలి, బాపట్ల, రేపల్లె నియోజకవర్గాల ప్రజలు తమకే తెలియకుండా ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న రోజు రానే వచ్చిందని డెల్టా డిజిటల్ స్వయంసమృద్ధి మండలి చైర్మన్ వీరరాఘవయ్య గారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. బోసు రోడ్డులో, విత్తనాల కొట్టు పైనున్న మండలి కార్యాలయంలో, ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ మీద, మన మట్టికీ మన మనిషికీ తగ్గట్టు సొంత హంగులతో సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే ఏర్పాటు జరగబోతోందన్నారు. ఇకమీదట ఒక చిన్న ప్రోగ్రాం కోసం హైదరాబాదు మొహమో బెంగుళూరు మొహమో చూడాల్సిన ఖర్మ ఈ మూడు ఊళ్ళకూ ఉండదన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. కింద కొట్లోంచి పురుగుమందు ఘాటు వస్తోందని ఒకరిద్దరు గొణిగారు. అలాంటివాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు.

"ఎన్ని కంప్యూటర్లు సార్?" అని అడిగాడు ఒక విలేకరి.

"ఒకటి. మూడు నియోజకవర్గాలకీ చాలినంత ఒకటి."

"లాప్‌టాప్ అయితే మూడు ఊళ్ళకీ తిప్పుకోవచ్చు గదండీ?"

"ఒళ్ళో పెట్టుకునే వస్తువుకి కొబ్బరికాయ ఎక్కడ కొడతామయ్యా?" అన్నారు చైర్మన్ గారు.

ఆ ప్రశ్న అడిగినవాడు దాన్ని కూడా రాసుకున్నాడు.

వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న హిమబిందుకి ఆ జవాబులో చాలా లోతు కనిపించింది. ఆమె పుట్టిల్లు రేపల్లె దగ్గర చెరుకుపల్లి. బాపట్లలో ఇంజినీరింగ్ చదివింది. తెనాలి కోడలై వచ్చాక ఏడేళ్ళుగా ప్రోగ్రాముల జోలికి పోకుండా పప్పుల జోలికి పోతోంది. మండలికి మహిళా డెవలపర్ కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టింది. ఇంకెవరూ పెట్టకపోవడంతో గట్టి పోటీలో నెగ్గింది. అయితే పోస్టు ఇంకా ఖాయం కాలేదు. వచ్చే నెలలో మంత్రిగారు ప్రారంభోత్సవానికి వస్తారు. ఆ రోజు ఆయన కళ్ళముందు తెర మీద ప్రోగ్రాం నడిస్తే ఉద్యోగం పర్మినెంటు. నడవకపోతే మళ్ళీ పప్పుల దగ్గరికే.

ఏ ప్రోగ్రాం రాయాలో కూడా ఆమే ఎంచుకుంది. పై లాకుల దగ్గర కాలువ మట్టం ఎంతుందో అక్కడ కాపలా ఉండే లస్కరు రోజూ ఫోన్లో పంపిస్తే, శివారు ఊళ్ళకి నీళ్ళ వంతు ఎప్పుడొస్తుందో ఆ ప్రోగ్రాం లెక్కగట్టి చెబుతుంది. నారుమడి తడుపుకోవడానికి చెరుకుపల్లిలో వాళ్ళ నాన్న వెంకటకృష్ణయ్య రోజూ గట్టు మీదికెళ్ళి కాలువలోకి తొంగిచూసి రావడం ఆమె చిన్నప్పటినుంచీ చూస్తోంది.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే అత్తగారు శేషారత్నం గోంగూర వలవడం ఆపకుండానే విన్నది.

"నీళ్ళెప్పుడొస్తాయో చెబుతుందా? మన వీధి కుళాయి సంగతి కూడా చెబుతుందేమో అడగవే."

"కుళాయికి లెక్కంటూ ఉంటే చెబుతుంది అత్తయ్యా."

"అయితే చెప్పదులే. సరే, ఉద్యోగం ఖాయం చేసుకో. పొద్దున పొయ్యి సంగతి నేను చూసుకుంటాను. సాయంత్రం మాత్రం నా వల్ల కాదు, సీరియళ్ళుంటాయి" అంది శేషారత్నం. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద ఆశీర్వచనం ఇంతవరకూ ఎవరికీ దక్కలేదు.

కంప్యూటర్ వచ్చిన రోజే బాపట్ల నుంచి పేరయ్య గారు, రేపల్లె నుంచి రాహేలు గారు చెరో కారులో దిగారు. పేరయ్య గారు అధికార పార్టీకి బాపట్ల ఇన్‌చార్జి. రాహేలు గారు రేపల్లె ఇన్‌చార్జి. ఇద్దరూ అట్టపెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"దీన్ని బాపట్ల తీసుకుపోతున్నాం" అన్నారు పేరయ్య గారు. "జిల్లా కేంద్రం మాది. తెనాలి అసలు మా జిల్లాలోనే లేదు."

"చివరి ఊరని మాకు నీళ్ళూ చివరే, కంప్యూటరూ చివరేనా అన్నయ్యా?" అన్నారు రాహేలు గారు. "ఈసారి రేపల్లె నుంచి మొదలెట్టండి. పైకి పారనివ్వండి."

చైర్మన్ గారు మీసం సవరించుకున్నారు. తెరను బాపట్లకీ, కీబోర్డును రేపల్లెకీ ఇచ్చి, డబ్బాను తెనాలిలో ఉంచుకుంటే ఎలా ఉంటుందని ఆయన గంభీరంగా ప్రతిపాదించారు. ముగ్గురికీ నచ్చింది. మినిట్సు రాయబోతుండగా, మధ్యలో తీగ చాలదేమోనండీ అని హిమబిందు వినయంగా మనవి చేసింది. ఎంత తీగ కావాలన్న దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. చివరికి, తీగ వేసే కాంట్రాక్టు ఎవరిదో తేలక, ఆ ప్రతిపాదన వీగిపోయింది.

రాజీ మరోలా కుదిరింది. కంప్యూటర్ తెనాలిలోనే ఉంటుంది. కానీ తెర మీద మాత్రం ముగ్గురి బొమ్మలూ ఉండాలి. ఇది న్యాయంగానే ఉంది. మన ప్రాంతంలో బొమ్మ లేనిచోట మనిషి ఉన్నట్టు ఎవరూ లెక్కపెట్టరు.

మర్నాడు ఫ్లెక్సీల బర్నబాస్‌ని పిలిపించారు. తెనాలి చుట్టుపక్కల పుట్టినరోజుకైనా పోయినరోజుకైనా ఫ్లెక్సీ వేసేది అతనే. టేపు తీసి మానిటర్ని ఆ చివర నుంచి ఈ చివరకి కొలిచాడు.

"ఇంతేనాండీ? ఇంత చిన్న ఫ్లెక్సీ నా సర్వీసులో వెయ్యలేదండి. జూలు కూడా పట్టదు."

"ఏం జూలయ్యా?" అన్నారు చైర్మన్ గారు.

"మంత్రిగారి వెనకాల సింహం పెడతాం గదండీ."

సింహాన్ని బరువైన గుండెతో వదులుకున్నారు. బర్నబాస్ సాయంత్రానికల్లా బొమ్మ తయారుచేసి తెచ్చాడు. వెనకంతా పార్టీ రంగు, అంటే నిగనిగలాడే వంకాయ రంగు. పైన మధ్యలో గుండ్రంగా అధినేత. కుడివైపు జనంలోకి నడిచొస్తున్న మంత్రిగారు. ఎడమవైపు చేతులు జోడించిన చైర్మన్ గారు. వారి పక్కన ఫోన్లో మాట్లాడుతూ పేరయ్య గారు, చెయ్యి ఊపుతూ రాహేలు గారు. కింద చిన్న చిన్న వలయాల్లో వార్డు స్థాయి నాయకులు, ముత్యాల సరంలా. ఎవరి తల ఎవరి తలకంటే ఎంత పెద్దగా ఉండాలన్నది అతను ఎవర్నీ అడక్కుండానే సరిగ్గా వేశాడు. హిమబిందుకి నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో ఇలాంటి పాఠం ఎవరూ చెప్పలేదు.

ఇక సాఫ్ట్‌వేర్లు ఎక్కించడానికి ముహూర్తం పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు కీబోర్డు మీద పడకుండా హిమబిందు పమిట అడ్డం పెట్టింది. అదీ సంప్రదాయమే అనుకుని అక్కడున్న ఆడవాళ్ళందరూ పమిటలు పట్టుకుని నిలబడ్డారు.

"ఇదెంతవుతుందమ్మా?" అన్నారు చైర్మన్ గారు తెర వంక చూస్తూ.

"ఇవన్నీ ఉచితమేనండి. ఎవరైనా వాడుకోవచ్చు."

"ఉచితమా!" చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. "ఎవరిస్తున్నారు?"

"ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో రాసి పెడతారండి."

"వాళ్ళు రాస్తారమ్మా. ఇచ్చేది ఎవరని అడుగుతున్నా."

మర్నాటి పేపర్లో, ఈ మూడు నియోజకవర్గాలకీ తమ ప్రభుత్వమే సాఫ్ట్‌వేర్‌ని పూర్తి ఉచితంగా అందిస్తోందన్న వార్త వచ్చింది. అర్హులు ఆధార్ కార్డుతో రావాలని ఉండడంతో కాకుమాను నుంచి కొందరు సంచులు తెచ్చుకుని వచ్చారు కూడా. వాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపించారు.

ఎక్కించే పని సాఫీగా సాగుతుండగా తెర మీద ఒక పెద్ద షరతుల కాగితం, దాని కింద 'ఐ అగ్రీ' అనే మీట వచ్చాయి. హిమబిందు నొక్కబోయింది.

"ఆగమ్మాయ్!" అని అరిచారు చైర్మన్ గారు. "దేనికి ఒప్పుకుంటున్నాం?"

"షరతులకండి. అందరూ చదవకుండానే నొక్కేస్తారు."

"చదవకుండా సంతకాలు పెట్టడం నాకూ తెలుసమ్మా, అసెంబ్లీ దాకా చూసినవాణ్ణి. కానీ ఒప్పుకోవడం వేరు. అధిష్ఠానాన్ని అడక్కుండా పార్టీలో ఎవరూ దేనికీ ఒప్పుకోకూడదు. రేపు కూటమిలో లేనివాళ్ళతో ఒప్పుకున్నామని తేలితే?"

అధిష్ఠానానికి ఉత్తరం రాశారు. వాళ్ళు ఒక పరిశీలకుణ్ణి పంపారు. ఆయన సూర్యలంక బీచిలో రెండు రోజులు పరిశీలించి, ఒప్పుకోవచ్చు గానీ బహిరంగంగా కాదు అని తేల్చారు. అంచేత తలుపులు దగ్గరగా వేసి, కిటికీ కర్టెన్లు లాగి, హిమబిందు ఆ మీట నొక్కింది.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. ఎక్కించిన ప్రతి సాఫ్ట్‌వేరూ తెర మీద తన ఐకాన్ ఒకటి తెచ్చి పెట్టుకుంటుంది గదా. చైర్మన్ గారు కాఫీ తాగుతూ తెర వైపు చూసి గ్లాసు కింద పెట్టేశారు.

"అమ్మాయ్! మంత్రిగారి కన్ను మీద చెత్తబుట్ట!"

హిమబిందు దాన్ని పక్కకి జరిపింది. అది వెళ్ళి పేరయ్య గారి గడ్డం కింద ఆగింది. అక్కణ్ణించి తీస్తే రాహేలు గారి చేతిలోకి వెళ్ళింది. చెత్తబుట్ట చేత్తో పట్టుకుని ఆవిడ జనానికి చెయ్యి ఊపుతున్నట్టు కనిపించింది. బర్నబాస్ ముఖం తిప్పుకుని దగ్గాడు.

సరే, ఐకాన్లన్నీ దాచేసింది. ప్రోగ్రాం రాసే కిటికీ, అంటే విండో, తెరిచింది. అది తెరంతా పరుచుకుంది. ఒక్క క్షణంలో పార్టీ మొత్తం మాయమైపోయింది.

"మూసెయ్! ముందు మూసెయ్!" అన్నారు చైర్మన్ గారు గుండె పట్టుకుని. "ఎవరైనా ఫొటో తీశారా?"

ఎవరూ తియ్యలేదని రూఢి చేసుకున్నాక ఒక నిబంధన పెట్టారు. ఏ కిటికీ అయినా సరే, ఏ నాయకుడి ముఖాన్నీ తాకకుండా తెరవాలి. హిమబిందు తెరంతా వెతికితే, చైర్మన్ గారి జోడించిన చేతులకీ కింది వార్డు నాయకుల తలలకీ మధ్య వేలెడు పట్టీ ఒకటి ఖాళీగా కనిపించింది. అందులో కిటికీని కుక్కింది. ఒకసారికి ప్రోగ్రాంలో ఒక్క వరసే కనిపించేది. కిందిది రాస్తే పైది పైకి పోయేది. ఇంకొకరైతే ఉద్యోగం వదిలేసి పోదురు. కానీ చీరల బీరువాలో ఒకే ఒక్క అరతో ఏడేళ్ళ కాపురం చేసిన మనిషికి స్థలం చాలకపోవడం ఒక సమస్య కాదు. ఆమె ఆ పట్టీలోనే రాసుకుంటూ పోయింది.

మధ్యలో చైర్మన్ గారి సలహాలు అందుతూనే ఉన్నాయి.

"అమ్మాయ్, ఆ అక్షరాల్లో కొన్ని లేత మామిడిచిగురు రంగులో ఉన్నాయేంటి? అది ప్రతిపక్షం రంగు గదా."

"చదవడానికి వీలుగా ఒక్కో రకం మాట ఒక్కో రంగులో చూపిస్తుందండి."

"మన దగ్గర అన్ని మాటలూ ఒకటే రంగులో ఉండాలి."

అన్నిటినీ వంకాయ రంగు చేసింది. వెనక వంకాయ రంగు, మీద వంకాయ రంగు. తెర మీద ఒక్క అక్షరం కనబడలేదు. చైర్మన్ గారు చాలాసేపు చూసి, ఇప్పుడు ముచ్చటగా ఉందన్నారు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడల్లా హిమబిందు అక్షరాలకి తెల్లరంగు వేసుకుని, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే మళ్ళీ వంకాయ చేసేది.

ఇంకో రోజు ఆయన వెనకే నిలబడి చూస్తున్నారు.

"అదేంటమ్మా, నువ్వు ఒక అక్షరం కొడితే మిగతా మాట అదే వచ్చేస్తోందీ?"

"అలవాటైన మాటల్ని ముందే అందిస్తుందండి."

"అలవాటైన మాటా? అయితే ముందు ఎవరి పేరు అందించాలో నీకు నేను చెప్పాలా?"

ఆ రోజు నుంచి 'వి' అనే ఇంగ్లీషు అక్షరం కొట్టగానే వీరరాఘవయ్య గారి పేరు బిరుదులతో సహా దూకేది. అదే అక్షరంతో మొదలయ్యే వంతు అనే మాట ఆమె ప్రోగ్రాంలో అడుగడుగునా వస్తుంది. ప్రతిసారీ చెరిపి కొట్టే ఓపిక లేక అలాగే వదిలేసింది. కంప్యూటర్‌కి పేరు ఏదైతేనేం, లెక్క లెక్కే. అలా ఆ ప్రోగ్రాంలో, పొలానికి వీరరాఘవయ్య గారు ఎప్పుడొస్తారు, వీరరాఘవయ్య గారు ఎంతసేపు పారతారు, వీరరాఘవయ్య గారు మధ్యలో ఎక్కడ గండి పడ్డారు అన్న లెక్కలు పొందికగా అమిరాయి. ప్రింటు తీయించి చూసుకున్న చైర్మన్ గారు, ఇంత మంచి ప్రోగ్రాం తాను చూడలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు.

మంత్రిగారి రాక ఇంకో వారం ఉందనగా కాకుమాను నుంచి ఒక ప్రతిపక్ష నాయకుడు అనుచరులతో సహా వంకాయ రంగు కండువా కప్పుకున్నాడు. బర్నబాస్ బొమ్మ మార్చాడు. కొత్తాయన ముఖం ఎక్కడ పట్టించాడయ్యా అంటే, ఆ వేలెడు పట్టీలో.

ఆ సాయంత్రం హిమబిందు ఇంటికొచ్చి గడప మీదే కూలబడింది.

"ఉద్యోగం పోయినట్టే అత్తయ్యా. ప్రోగ్రాం దాదాపు అయిపోయింది. కానీ తెర మీద చిటికెనవేలు పెట్టే చోటు లేదు. ఎక్కడ తెరిచినా ఎవరో ఒకరి ముఖం."

శేషారత్నం టీవీ గొంతు తగ్గించింది. ఇది మామూలు విషయం కాదు.

"మొన్న మనింట్లో జరిగిన పెళ్ళిలో పీటలు చాలకపోతే ఏం చేశాం? వచ్చిన వియ్యాలవారినే తలో పని పురమాయించాం. ఒకాయన వడ్డనకి, ఒకావిడ తాంబూలాలకి. కూర్చునేవాడే లేకపోతే పీటెందుకే? ఆ ముఖాలు ఊరికే కూర్చోబట్టి నీకీ తిప్పలు. తలో పని అప్పజెప్పు."

హిమబిందు లేచి కాళ్ళు కడుక్కుంది.

మర్నాడు ఆమె చైర్మన్ గారికి తన మనవి చాలా గౌరవంగా విన్నవించింది. ఐకాన్లు నాయకుల ముఖాల మీద ఉండకూడదు, నిజమే. కానీ నాయకుల ముఖాలే ఐకాన్లు అయితే? ఒక్కొక్కరి బొమ్మ నొక్కితే ఒక్కో పని జరుగుతుంది. అప్పుడు కిటికీ తెరుచుకుని తెరంతా నిండినా తప్పు లేదు. అది ఆ నాయకుడు ఇచ్చిందే గదా.

"అంటే ఆయన పథకం కింద వచ్చినట్టు" అన్నారు చైర్మన్ గారు మెల్లగా.

"అవునండి."

"అమ్మాయ్, నువ్వు ఇంతకాలం వంటింట్లో ఉండిపోవడం పార్టీకి తీరని నష్టం."

శాఖల కేటాయింపు సమావేశం ఆదివారం పెట్టారు. చైర్మన్ గారు రాసే శాఖ, అంటే ప్రోగ్రాం రాసుకునే కిటికీ తీసుకున్నారు. రాహేలు గారు ప్రపంచమంతా కనబడేది ఏదో అది కావాలన్నారు. ఇంటర్నెట్ ఇచ్చారు. కాకుమాను నాయకుడికి కొత్త కాబట్టి లెక్కల యంత్రంతో సరిపెట్టారు. పేరయ్య గారు అన్నీ విని, చెత్తబుట్ట గుర్తు మీద వేలు పెట్టారు.

"ఇందులో ఏముంటుంది?"

హిమబిందు తటపటాయించింది. "పనికిరానివన్నీ చివరికి అందులోకే చేరతాయండి."

"అన్నీనా?"

"అన్నీనండి. ఎవరు రాసినవైనా."

"నిండుతుందా?"

"రోజురోజుకీ నిండుతూనే ఉంటుందండి."

"అయితే అదే నాది" అన్నారు పేరయ్య గారు. మిగిలినవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. అది ముందే తమకెందుకు తట్టలేదా అని వాళ్ళ బాధ.

అధినేత బొమ్మకి ఏ పని ఇవ్వాలన్నది చిక్కుముడిగా మారింది. చాలా తర్జనభర్జనల తర్వాత, ఆయన బొమ్మ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ తెరుచుకోకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆయన స్థాయి అది. ఇక మిగిలింది అసలు ప్రోగ్రాం. అది మంత్రిగారికే దక్కింది. ప్రారంభోత్సవం రోజున మంత్రిగారు తన ముఖాన్ని తానే రెండుసార్లు నొక్కితే చాలు, కాలువ నీళ్ళ లెక్క తెరంతా పరుచుకుంటుంది.

ఆ రోజు బోసు రోడ్డు పొడవునా వంకాయ రంగు తోరణాలు కట్టారు. విత్తనాల కొట్టువాడు కూడా బస్తాలు లోపల పెట్టి షామియానాకి చోటిచ్చాడు. మంత్రిగారు కిందనే గంటసేపు మాట్లాడారు. తమ ప్రభుత్వం వచ్చాక కాలువల చివరి ఎకరం దాకా నీళ్ళు పారించామన్నారు. నీళ్ళు ఎక్కువై వద్దంటున్న రైతుల్ని తానే బతిమాలుతున్నానన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాత మెట్లెక్కి పైకొచ్చి, పట్టుగుడ్డ కప్పిన కుర్చీలో కూర్చున్నారు.

హిమబిందు కుర్చీ పక్కన నిలబడింది. పొద్దున్నే లస్కరు పంపిన మట్టం అంకె ప్రోగ్రాంలో ఎక్కించింది. వాళ్ళ నాన్న కూడా గట్టు మీద నిలబడి ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఈ రెండు నొక్కులూ సరిగ్గా పడితే ఏడేళ్ళ తర్వాత ఆమె చేతికి ఒక ఉద్యోగం.

మంత్రిగారు తెర మీద తన బొమ్మను చూసుకున్నారు. "సింహం లేదేంటి?" అన్నారు. బర్నబాస్ తల వంచుకున్నాడు. మంత్రిగారు పెద్దమనసుతో క్షమించి, తన ముఖాన్ని రెండుసార్లు నొక్కారు.

ప్రోగ్రాం నడిచింది. ఎక్కడా తడబడలేదు. తెరంతా తెల్లగా పరుచుకుని, పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో చెప్పింది: 'చెరుకుపల్లి శివారు. నీళ్ళు ఇంకా రాలేదు. రావడానికి పది రోజులు.' పైన మూల మంత్రిగారి ముఖం చిరునవ్వుతో మెరుస్తోంది.

విలేకరులు పెన్నులు తీశారు. చైర్మన్ గారు వాళ్ళని టిఫిన్లకి తరలించారు. ఇడ్లీ మీద నెయ్యి వేస్తున్నారని తెలిశాక ఒక్కరూ ఆగలేదు.

మంత్రిగారు తెర మీది అక్షరాల్ని వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నారు.

"ఈ మాట ఎవరు చెప్పారమ్మా?"

"కాలువలో కొలబద్దండి."

"అది ఎవరి హయాంలో పాతారు?"

"తెల్లదొరల హయాంలోనండి."

"అదీ సంగతి" అని ఆయన కొంచెం తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "నీళ్ళు వచ్చేసినట్టు చూపించడానికి ఎంతసేపు పడుతుంది?"

"చూపించడానికి నిమిషం చాలండి. రావడానికే పది రోజులు."

"ఆ నిమిషం పని చేసెయ్యమ్మా మరి" అన్నారు చైర్మన్ గారు చేతులు నలుపుకుంటూ. ఆయన చూపులో ఆమె ఉద్యోగం ఆర్డరు కాగితం స్పష్టంగా కనిపిస్తోంది.

హిమబిందు మౌస్ మీద చెయ్యి వేసింది. తీసేసింది.

"చేస్తానండి. కానీ ఒక్క మనవి. ఈ మాట మంత్రిగారి ముఖంలోంచి వస్తోంది. వచ్చేశాయని రాస్తే అక్కడివాళ్ళు పొలానికి వెళ్ళి చూసుకుంటారు. చూసుకుని, తిన్నగా ఈ ముఖం దగ్గరికే వస్తారు. మా నాన్నగారు ఇప్పుడు గట్టు మీదే ఉన్నారండి. ఫోన్ కలపమంటారా?"

మంత్రిగారు తెర మీది తన చిరునవ్వు వంక ఒకసారి, ఆమె చేతిలోని ఫోన్ వంక ఒకసారి చూశారు.

"వద్దు" అన్నారు. "ప్రోగ్రాం తీసేస్తే మిగతాదంతా ఇలాగే ఉంటుందా? రంగు, బొమ్మలు, నొక్కితే తెరుచుకోవడం?"

"అంతా ఉంటుందండి. మీ బొమ్మ నొక్కితే ఏమీ రాదు, అంతే."

"అధినేత గారికి లాగానా?"

"అచ్చం అలాగేనండి."

మంత్రిగారి ముఖం విప్పారింది. ఇంత చక్కటి ఏర్పాటు రాష్ట్రంలో ఎక్కడా చూడలేదన్నారు. అమ్మాయికి పోస్టు ఇవాళే ఖాయం చెయ్యమన్నారు. కిందికి వెళ్ళి నెయ్యి ఇడ్లీ తిన్నారు.

సాయంత్రం వెంకటకృష్ణయ్య ఫోన్ చేశాడు.

"ఏమ్మా, కంప్యూటర్ ఏం చెప్పింది?"

"ఉన్నదున్నట్టు చెప్పింది నాన్నా. అందుకే తీసేశారు."

"మరి నీ ఉద్యోగం?"

"పర్మినెంటు."

ఆయన, మొత్తం మీద శుభవార్తేనని ఒప్పుకున్నాడు. తీసేసిన ప్రోగ్రాం అయితే ఎక్కడికీ పోలేదు. హిమబిందు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నల్లపూసల పక్కన పిన్నీసుకి తగిలించుకుని ఇంటికి తెచ్చింది. ఇప్పుడది బియ్యం డ్రమ్ము మీది పాత లాప్‌టాప్‌లో నడుస్తోంది. పగలు చెరుకుపల్లి నుంచి ఫోన్ వస్తే శేషారత్నమే కళ్ళజోడు పెట్టుకుని, ప్రోగ్రాం లోపలి వరసలోంచే చూసి చెబుతుంది. "అన్నయ్యగారూ, వీరరాఘవయ్య గారు మీ పొలానికి రావడానికి ఇంకా నాలుగు రోజులండి" అంటుంది. అవతలివాళ్ళకి అలవాటైపోయింది.

మండలి కార్యాలయానికి హిమబిందు రోజూ పదింటికి వెళుతుంది. కంప్యూటర్ వేస్తుంది. పార్టీలో ఎవరైనా చేరితే బర్నబాస్‌ని పిలుస్తుంది. ఎవరైనా పోతే చెరుపుతుంది. మండలి పేరు ఊరూరా పాకి ఇతర జిల్లాల నుంచి అధ్యయన బృందాలు వస్తున్నాయి. మొన్న వచ్చిన బృందానికి ఒక పెద్ద అధికారి నాయకత్వం వహించారు. ఆయన నాయకులందర్నీ వరసగా నొక్కి చూసి, అధినేతను రెండుసార్లు నొక్కి దణ్ణం పెట్టుకుని, డైరీ తెరిచారు.

"చాలా బాగుందమ్మా. దీని మీద ఏం చేస్తారు?"

"చూపిస్తామండి" అంది హిమబిందు.

ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత పెన్ను మూసి నిట్టూర్చారు.

"మా జిల్లాలోనూ కంప్యూటర్లు బోలెడున్నాయమ్మా. ఏం లాభం? అన్నిటి మీదా ఏవో పనులు జరుగుతున్నాయి. ముందు వాటిని ఆపించాలి."